కేజీ మీద ముక్క

రవిచంద్ర బడి గేటు తోసుకుని లోపలికి వస్తూంటే మైత్రికి ముందు సంతోషమే వేసింది. పాపం, అందులో ఆమె తప్పేమీ లేదు. మూడు వారాల కిందట ఇదే వరండాలో, ఇదే తూకం మిషన్ పక్కన కూర్చుని అతను పిల్లల్ని ఒక్కొక్కరినే "నెక్స్ట్ పార్సిల్!" అని పిలుస్తూంటే పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎత్తులు కొలుస్తున్న మైత్రి కూడా నవ్వింది. టేపు చేతిలోంచి జారిపోయేంత నవ్వింది. ఆ తర్వాత ఆ ముఖం ఆమెకి వారానికి మూడు నాలుగు సార్లు ఊరికే గుర్తొస్తూ ఉండేది.

ఇవాళ ఆ ముఖంలో నవ్వు లేదు. వానకి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చేతిలో ఉన్న కాగితాన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాగ్రత్తగా తెచ్చాడు.

"ఏటండీ ఇది?" అన్నాడు.

కాగితం ఆమెదే. పిల్లలు తెలుగువాళ్లే అయినా ఈ ఊళ్లో బడి చదువు హిందీలో కాబట్టి, హిందీలోనే నాలుగు వాక్యాలు. మీ పాప వయసుకీ ఎత్తుకీ ఉండవలసిన దానికన్నా బరువు ఎక్కువగా ఉన్నది, ఆహారం విషయంలో శ్రద్ధ వహించగలరు. పైన తనూజ, మూడో తరగతి. కింద మైత్రి సంతకం.

"మేం పంపిన ఉత్తరం," అంది మైత్రి.

"ఉత్తరవని నాకూ తెలుసు. తనూజ మా అప్ప కూతురు. ఇది వచ్చిన కాణ్ణుంచి గుంట అన్నం ముట్టట్లేదు. మా అప్ప భయపడి డబ్బాలో దోసకాయ ముక్కలు పెట్టి పంపుతోంది. రాత్రి నేను ముద్ద కలిపి పెడితే ఏటందో తెలుసా? 'నాకొద్దు మావయ్యా, నేను లిస్టులో ఉన్నాను' అంది. ఎనిమిదేళ్ల గుంటకి లిస్టేటండీ?"

మైత్రి కాగితం అందుకుంది. "ఉత్తరం అమ్మానాన్నలకి కదా రాశాం. పాప ఎలా చదివింది?"

"పాప చేతికే ఇస్తే చదవదేటి? స్కూల్ ఆటోలో పదిమంది కలిసి చదివేరు. గట్టిగా చదివేరు."

మైత్రి లెక్కేసుకుంది. పదకొండు ఉత్తరాలు. పదకొండూ కవరు లేకుండా, మడత పెట్టి, పిల్లల చేతుల్లోనే పెట్టి పంపించింది. అప్పుడు ఆ పని ఎంతో సులువుగా కనిపించింది.

"రోజుకి ఎన్నిసార్లు తింటోంది? ఎంత తింటోంది? ఆటలాడుతోందా? నిద్ర సరిగ్గా పోతోందా?" అని వరసగా అడిగింది.

"నేను అడగడానికి వస్తే మీరే అడుగుతున్నారేటి!" రవిచంద్ర విసుక్కున్నాడు. "శనివారం తల్లుల మీటింగుంది. ఈ తూకాలు మా పిల్లలకి వద్దని అందరూ సంతకాలు పెడతారట. మా అప్పే ముందు పెడతాది. ఏం చెప్పుకుంటారో చూసుకోండి మేడమ్."

వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు. అతను కోపంలో కూడా మేడమ్ అన్నాడని మైత్రి గమనించింది. అలా గమనించినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

అసలు మైత్రి స్వభావమే అంత. రాజ్‌కిశోర్ నగర్‌లో వాళ్ల నాన్న రామమోహన్ గారు బ్యాంకు నుంచి అలసిపోయి వస్తే, కాఫీకన్నా ముందు కూతురి ప్రశ్నలు ఎదురొచ్చేవి. ఎందుకు, ఎలా, ఎవరు చెప్పారు. పోషకాహారం చదువుకుంది కూడా ఆ ప్రశ్నల వల్లే. ఒకే క్లాసులో ఒక పిల్లాడు పుల్లలా, ఇంకో పిల్లాడు రెండు మెట్లెక్కితే ఆయాసపడుతూ ఎందుకు ఉంటారు? ఇది తెలియాలంటే పిల్లల ఎత్తూ బరువూ మూడు నెలలకోసారి కొలిచి గీత గీయాలి. ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు, గీత ఎటు పోతోందో చూస్తేనే తెలుస్తుంది. దయాల్‌బంద్‌లోని ఈ చిన్న బడిలో ఆ గీత ఇప్పుడిప్పుడే మొదలైంది. శనివారంతో ఆగిపోయేలా ఉంది.

అది ఆగినా ఆమె ఏదోలా ఓర్చుకునేదేమో. కానీ తన సంతకం ఉన్న కాగితం చదివి ఒక పిల్ల కంచం ముందు నుంచి లేచిపోతోంది. ఆ పిల్ల మళ్లీ ఎలా తింటుంది? ఆ రోజంతా మైత్రి బుర్రలో ఈ ఒక్క ప్రశ్నే తిరిగింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో తూకాల రిజిస్టర్ తీసి కూర్చుంది. తనూజ బరువు 30. ఎత్తు 127. లెక్క మళ్లీ వేసింది. సరిగ్గానే ఉంది. పక్క పేరు చూసింది. 24. దాని కింద 27. 33. 22. 26.

మైత్రి వేలు ఆగిపోయింది.

ఒకటీ రెండూ తరగతుల పేజీ తిప్పింది. అక్కడ 18.6, 21.3, 19.4. అవి హెడ్ టీచర్ మీనాక్షి గారు రాసినవి. మూడు నుంచి అయిదు దాకా రవిచంద్ర రాసినవి. అరవై ఎనిమిది మంది పిల్లలు, ఒక్కరికీ చుక్క తర్వాత అంకె లేదు.

"టీచర్, అరవై ఎనిమిది మందీ నిండు కేజీలే తూగుతారా?"

మీనాక్షి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎందుకు తూగుతారమ్మా? మిషన్ పాడైందేమో."

మిషన్ పాడవలేదు. మైత్రి ఎక్కింది, 54.7. మీనాక్షి గారు ఎక్కి, ఎంతో చూడకుండానే దిగేశారు. నీళ్ల బిందె పెట్టారు, 11.2.

"రవినే అడుగు," అన్నారావిడ. "చిన్నప్పుడు నా దగ్గరే చదివాడు. లెక్కల్లో వందకి తగ్గేవాడు కాదు. తూకాలు వాడికి నిత్యం చేతిలో పని అనే కదా ఆ రోజు పిలిచాను. వ్యాపార్ విహార్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. రోజుకి మూడొందల బస్తాలు తూస్తాడు."

మర్నాడు ఉదయం మైత్రి స్కూటీ వ్యాపార్ విహార్‌లో బురద చిమ్ముకుంటూ వెళ్లింది. లారీలు, హమాలీల కేకలు, ఉల్లిపాయల ఘాటు. రేకుల షెడ్డు కింద పెద్ద కాటా. దాని పక్కన చెక్క బల్ల మీద రవిచంద్ర, చెవిలో పెన్ను పెట్టుకుని. అతను ఆమెని చూడలేదు. ఆమె కూడా పిలవలేదు. వెనకే నిలబడి చూసింది.

బస్తా ఎక్కింది. కాటా మీద ఎర్ర అంకెలు వెలిగాయి. 41.3. రవిచంద్ర బిల్టీ మీద, అంటే లారీ సరుకు రసీదు మీద, 42 అని రాశాడు.

ఇంకో బస్తా. 58.1. అతను 59 రాశాడు.

దొరికింది! మైత్రికి ఒక్క క్షణం గంతెయ్యాలనిపించింది. మరుక్షణం అతని మెడ వెనక చెమట, ఒళ్లు వంచి శ్రద్ధగా రాసే తీరు కనిపించి ఆ సంతోషం కాస్తా చల్లారిపోయింది.

"అరె, మీరా!" రవిచంద్ర తిరిగి చూసి లేచి నిలబడ్డాడు. నిన్నటి కోపం ఇంకా ఉందో లేదో అతనికే తెలిసినట్టు లేదు. "ఇక్కడికెందుకొచ్చేరు ఈ బురదలో?"

"ఒక ప్రశ్న అడగడానికి."

"ఒకటేనా?"

"ఆ బస్తా నలభై ఒకటి పాయింట్ మూడు తూగింది. మీరు నలభై రెండు రాశారు. ఎందుకు?"

"ఓస్, అదా!" అతని ముఖం వెలిగింది. "అది మా లైన్లో రూలండీ. కేజీ మీద ముక్క ఎంతున్నా సరే, పై కేజీకే రాయాలి. వంద గ్రాములైనా అంతే. ఆ ముక్కని లారీ మొయ్యాలి కదేటి? ఎనిమిదేళ్లయింది ఈ బల్ల మీద కూర్చుని, నా చేత్తో ఒక్క ముక్క వదల్లేదు. ఇప్పుడు నేను చూడక్కర్లేదు కూడా. పెన్ను దానంతటదే పై కేజీకి వెళిపోద్ది..."

మాట అక్కడే ఆగింది. పెన్ను వంక చూసుకున్నాడు. ఆమె వంక చూశాడు.

"బడిలో కూడా అలాగే రాసీసేనా?"

మైత్రి తలూపింది.

"అందరికీనా?"

"అరవై ఎనిమిది మందికీ."

"బాప్ రే!" అతను బస్తా మీద కూలబడ్డాడు. "ముక్క కేజీకి అంత తేడా వస్తాదేటి?"

"లారీకి రాదు. పాతిక ముప్పై కేజీల పిల్లకి వస్తుంది. హద్దు గీతకి ఇటు ఉండాల్సిన వాళ్లు అటు వెళ్లిపోతారు."

"అంటే ఆ ఉత్తరం నేనే రాసినట్టు. నేనే రాసీసి, మళ్లీ నేనే మీ మీదికి దెబ్బలాటకొచ్చేను." రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "మా గుంట..."

అతన్ని అలా చూడలేకపోయింది మైత్రి. "వినండి. చుక్క తర్వాత అంకె కూడా రాయమని మీకు చెప్పాల్సింది నేను. రాసింది చూసుకోవాల్సింది నేను. సంతకం నాది. శనివారం నేనే చెప్పుకుంటాను. మీ పేరు రానివ్వను."

అతను వద్దంటాడనుకుంది. కనీసం ఏదో ఒకటి అంటాడనుకుంది. ఇంతలో హమాలీ ఒకడు "భయ్యా, గాడీ లగ్ గయీ!" అని, లారీ వచ్చి ఆగిందని అరిచాడు. రవిచంద్ర లేచి, "అచ్ఛా," అని ఒక్క మాట అని లారీ వైపు వెళ్లిపోయాడు.

అచ్ఛా అట! మైత్రి స్కూటీ స్టార్ట్ చేస్తూ ఆ మాటని పది రకాలుగా అనుకుని చూసింది. ఏ రకంగా అనుకున్నా ఒకటే అర్థం వచ్చింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకుని ఉంటాడు.

గురువారం సాయంత్రం ఫోన్ చేసింది, ఎత్తలేదు. శుక్రవారం రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. ఇంక అతని గురించి ఆలోచించకూడదని గట్టిగా నిర్ణయించుకుంది. నిర్ణయించుకున్నాక మూడోసారి చేసింది. అప్పుడూ ఎత్తలేదు.

"ఎవరికే అంత పనిమాలా ఫోన్లు?" అంది వాళ్లమ్మ.

"ఎవరూ కాదు. బస్తాలు తూసే మనిషి," అంది మైత్రి కోపంగా.

శనివారం వాన పట్టు విడవలేదు. బడి హాల్లో నలభై మంది తల్లులు, తడిసిన గొడుగులు, గుసగుసలు. ముందు వరసలో తనూజ తల్లి జ్యోతిర్మయి బిగుసుకుని కూర్చుంది. పక్కనే ఆవిడ తల్లి చిన్నమ్మి, ఒళ్లో స్టీలు డబ్బాతో. ఇద్దరి మధ్య రెండు జడల తనూజ. బొద్దుగా, ముద్దుగా ఉన్న పిల్ల. కానీ కళ్ల కింద వాడిపోయి ఉంది.

మైత్రి లేచి నిలబడింది. "అందరికీ నమస్కారం. ఈసారి తూకాల్లో తప్పు జరిగింది. ఆ తప్పు..."

"తెలుసులెండి!" వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. పేరు భానుప్రియ, నాలుగో తరగతి పిల్లాడి తల్లి. "రవి మొన్న మా ఇంటికొచ్చి చెప్పీసేడు. బస్తాలు రాసినట్టు మీ వోణ్ణి పై కేజీకి రాసీసేనొదినా, నన్ను తిట్టండి, మేడమ్‌ని ఏటీ అనకండి అన్నాడు."

"తిట్టేవా మరి?" అంది పక్కావిడ.

"తిట్టకుండా ఊరుకుంటానేటి? తిట్టి, టీ ఇచ్చి పంపేను."

హాలంతా గొల్లుమంది. "మా ఇంటికీ వచ్చేడు," "మా క్వార్టర్‌కి నిన్న పొద్దున్నే వచ్చేడు, మా ఆయన డ్యూటీ దిగి పడుకునుంటే లేపి మరీ చెప్పేడు," అని అటూ ఇటూ గొంతులు లేచాయి. తనూజ ఇల్లు కాక, ఉత్తరం అందిన మిగతా పది ఇళ్లకీ వెళ్లాడు.

మైత్రి కళ్లు అతని కోసం వెతికాయి. రవిచంద్ర తలుపు దగ్గర గోడకి ఆనుకుని, నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. రెండు రోజులు తను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి మైత్రికి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎక్కడలేని సంతోషం.

"అయితే నా తప్పు ఒకటి మిగిలింది," అంది. "ఆ ఉత్తరాలు పిల్లల చేతికిచ్చి పంపాను. ఎవరి బరువు ఎంతో పదిమందికీ తెలిసేలా చేశాను. పిల్లలు అవమానపడ్డారు. అది రవిచంద్ర గారి తప్పు కాదు, మిషన్ తప్పూ కాదు. పూర్తిగా నాది. నన్ను క్షమించండి."

నవ్వులు ఆగిపోయాయి. జ్యోతిర్మయి తలెత్తింది.

"చేతులు కాలేక ఆకులు పట్టుకుంటే ఏటి లాభం? మీరు సారీ చెప్తే మా గుంట తింటాదా?"

"తెలీదండీ," అంది మైత్రి. "తినాలని మాత్రం నాకు చాలా ఉంది. ఇవాళ మళ్లీ తూస్తాం. ఈసారి గదిలో, తలుపేసి, ఒక్కొక్కరినే, తల్లి పక్కన ఉండగా. ఇష్టం లేనివాళ్లు రానక్కర్లేదు. ఆ తర్వాత కూడా మీకు తూకాలు వద్దనిపిస్తే, ఆ సంతకాల కాగితం మీద నేనే మొదటి సంతకం పెడతాను."

మొదట భానుప్రియ లేచి కొడుకు చెయ్యి పట్టుకుంది. తర్వాత ఇంకొకరు. పదకొండు మందిలో పదిమంది లోపలికి వెళ్లి వచ్చారు. ఏడుగురి పేర్లు ఆ జాబితాలోంచి తప్పుకున్నాయి. మిగిలిన ముగ్గురి తల్లులతోనూ మైత్రి నిదానంగా మాట్లాడింది. ఎంత తగ్గాలో చెప్పలేదు. ఏం ఆట ఇష్టమో, సాయంత్రం ఏం తింటారో అడిగింది. గది బయట పిల్లల్ని వరసలో నిలబెట్టే పని రవిచంద్రది. ఈసారి ఎవరినీ పార్సిల్ అనలేదు.

చివరికి జ్యోతిర్మయి కూతుర్ని తీసుకుని లోపలికి వచ్చింది. తనూజ చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి మిషన్ ఎక్కింది.

28.4.

"తగ్గింది!" జ్యోతిర్మయి ముఖం విప్పారింది. "చూసేవా తనూ, ముప్పయ్యి నుంచి ఇరవయ్యెనిమిదికి వచ్చీసేవు!"

తనూజ నవ్వబోయి మైత్రి వంక చూసింది. మైత్రి నవ్వడం లేదు.

"అక్కా, ఇది మంచి వార్త కాదు," అంది మెల్లిగా. "ముక్క తీసేసినా ఆ రోజు ఇరవై తొమ్మిదికి పైనే ఉంది. మూడు వారాల్లో ఇంత పోయిందంటే ఆకలితో మాడింది. ఎనిమిదేళ్ల పిల్లల బరువు తగ్గించకూడదు. ఆడుతూ ఉండాలి, ఎత్తు పెరుగుతూ ఉండాలి, ఉన్న బరువు ఆ ఎత్తుకి సరిపోతుంది. ఎత్తు పెరగాలంటే తిండి ఉండాలి. జాబితాలోంచి తప్పుకున్న వాళ్లున్నారు, మిగిలిన వాళ్లున్నారు. వాళ్లెవరి గురించీ నాకు ఇంత భయం లేదు. మీ పాప గురించే ఉంది."

జ్యోతిర్మయి కళ్లు నీళ్లతో నిండాయి. "నేనే దోసకాయలు పెట్టేను..."

"ఆ ఉత్తరం చూస్తే ఎవరైనా అలాగే చేస్తారు."

తనూజ ఇంకా మిషన్ మీదే నిలబడి ఉంది. "నేను లిస్టులో ఉన్నానా?"

మైత్రి మోకాళ్ల మీద కూర్చుంది. "లిస్టు పిల్లలది కాదమ్మా, పెద్దవాళ్లది. ఏం వండాలో, ఎంతసేపు ఆడనివ్వాలో మాకు తెలియడానికి. నీ పని ఒక్కటే. ఆకలేస్తే తినడం."

"మావయ్య తప్పు రాశాడు కదా. మీరు మావయ్యని డాంటా?"

"తిట్టలేదు."

"క్యోఁ?"

ప్రశ్నలు వెయ్యడమే గానీ వేయించుకోవడం మైత్రికి అలవాటు లేదు. ఈ పిల్లకి ఇంక ఒక్క అబద్ధం కూడా చెప్పకూడదనిపించింది.

"మీ మావయ్య అంటే నాకు ఇష్టం. అందుకని."

జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంటున్న కొంగు అలాగే ఆగిపోయింది. తనూజ మిషన్ మీంచి ఒక్క దూకు దూకి తలుపు తీసేసింది. "మావయ్యా! మేడమ్‌కి నువ్వంటే ఇష్టమట!"

రవిచంద్ర గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో పిల్లల పేర్ల కాగితం. దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు?" అంది మైత్రి.

"ఎత్తితే మీరు వద్దంటారు. మీరు వద్దంటే నేను ఆగిపోతాను. అందుకే ఆ రోజు కూడా అచ్ఛా అని పారిపోయేను," అన్నాడు. "నా తప్పుకి మీరు నిలబడతానన్నారు. నా జన్మలో ఎవరూ నాకోసం అలా అన్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు... మీరంటే ఇష్టంతో. కోపంతో మీ మీదికొచ్చిన రోజు కూడా ఇష్టమే. అందుకే ఆ కోపం అంత వచ్చింది."

"పది ఇళ్లలో తిట్లు తిన్నాడమ్మా మా వోడు," అంది చిన్నమ్మి వెనక నుంచి. ఆవిడ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. "రెండు ఇళ్లలోనే టీ పోసేరు." కొడుకుని పక్కకి నెట్టి గదిలోకి వచ్చి, బెంచీ మీద స్టీలు డబ్బా మూత తీసింది. బియ్యప్పిండి చీలా అట్లు, టమాటా పచ్చడి. వేడి ఇంకా పోలేదు.

గదంతా ఆ వాసన నిండింది. అందరూ తనూజనే చూస్తున్నారని గ్రహించి మైత్రి చటుక్కున కిటికీ వైపు తిరిగింది. రవిచంద్రకి కూడా కళ్లతోనే సైగ చేసింది. అతను బుద్ధిగా వచ్చి ఆమె పక్కన నిలబడి వాన చూడటం మొదలుపెట్టాడు. చెయ్యి చెయ్యికి తగిలింది. ఇద్దరూ తియ్యలేదు.

వెనక చిన్నమ్మి మాత్రం ఏమీ జరగనట్టు మాట్లాడుతోంది. "అమ్మాయ్, మీ నాన్నగారు ఆదివారం ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటారండీ," అంది మైత్రి కిటికీలోకి.

"అయితే మేం వస్తాం. ఏటి, రాకూడదా?"

"రండి. నేను ముందే చెప్పి ఉంచుతాను."

తర్వాత కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మైత్రి చెవి అటే వేసి వింటోంది. మూత పక్కన పెట్టిన శబ్దం. ఇంకా ఏమీ లేదు. జ్యోతిర్మయి ముక్కు ఎగబీల్చింది.

అప్పుడు తనూజ నిండు నోటితో అంది, "అమ్మమ్మా, ఇంకోటి పెట్టు."